పక్షుల పేర్ల యుద్ధనావలు



భారతయుద్ధమున క్రౌంచవ్యూహము, గరుడవ్యూహము పన్నిరని పురాణకాలక్షేపములలో మీరు వినియున్నారు. యుద్ధమునకును పక్షులకును సంబంధము మనకు క్రొత్త గాదు. అయితే ఆంగ్లేయులు గరుడపక్షి పేరు విమానములను మోయు పెద్దయోడకుంచి, చిన్న నావలకు సామాన్యపు పిట్టల పేర్లు పెట్టిరి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున వారు కట్టిన ‘బ్లాక్ స్వాన్’, అనగా నల్లహంస తరగతి స్లూపు లట్టివి. పొడవు సుమారు 300 అడుగులు, వెడల్పు 38 అడుగులు. వీనిలో ‘స్టార్లింగు’ మన గోరువంకకు దాయాది. ‘ఉడ్‌పెకరు’ వడ్రంగిపిట్ట, ‘కైటు’ గ్రద్ద, ‘వైల్డ్‌గూసు’ అడవిబాతు. ‘మాగ్‌పై’ కాకికులములోనిది. ‘రెన్’ పిచ్చుకకంటెను చిన్నది.

అట్లాంటికు మహాసముద్రముమీద బ్రిటనుకు ధాన్యము తెచ్చు నోడలను జర్మనుల జలాంతర్గాములు ముంచుచుండెను. వానిని వెదకి చంపుటయే యీ పిట్టల పని. నూతిలోనికి కేకవేసిన ప్రతిధ్వని వచ్చును గదా! అట్లే నావనుండి నీటిలోనికి ధ్వనిని పంపి, జలాంతర్గామికి తగిలి తిరిగివచ్చు నాదమునుబట్టి దాని దూరమును గ్రహింతురు. చిక్కేమనగా, నావ శత్రువు నెత్తిమీదికి రాగానే ఆ నాదము తప్పిపోవును. పైగా క్రిందివారు నావచక్రముల చప్పుడు విని ప్రక్కకు తప్పుకొందురు.

స్టార్లింగు నాయకుడైన ఫ్రెడరిక్ జాన్ వాకర్ దీనికొక యుపాయము పన్నెను. ఒక నావ దూరమున నిలిచి ప్రతిధ్వనిని విడువక వినుచుండును. రెండవది ధ్వని పంపుట మాని, మెల్లగా సాగును. మొదటిది దారి చెప్పుచుండ, సరిగా శత్రువు తలపైకి చేరి, నీటిలో ప్రేలెడి మందుపీపాలను జారవిడుచును. క్రిందివారు దూరపు నావను వినుచు, నెత్తిమీదిదాని నెరుగరు. బోయవాడు పిట్టను పట్టుట లోకములో నున్నదే; ఇచ్చట పిట్టలే బోయలైనవి.

1944 జనవరి 31 మొదలు ఫిబ్రవరి 19 వరకు, ఒక్క ప్రయాణములో, ఈ దళము ఆరు జలాంతర్గాములను ముంచెను. కడపటిదైన యు-264 లోని వారందరు ప్రాణములతో పట్టువడిరి. మరునాడే వడ్రంగిపిట్టకు టార్పీడో తగిలి తోక తెగెను. దానిని వారము దినములు లాగుకొనివచ్చిరి గాని 27వ తేదీన మునిగిపోయెను. అందలివారందరు బ్రతికిరి.

వాకర్ కుమారుడు ఆంగ్లేయుల జలాంతర్గామియైన పార్థియన్‌లో పనిచేయుచు, 1943 ఆగస్టులో మధ్యధరాసముద్రమున దానితోగూడ గల్లంతయ్యెను. నీటిక్రింది మరణమెట్టిదో ఆ తండ్రి యెరుగనివాడు గాడు. ఆయనయు 1944 జూలై 9న, 48వ యేట, విశ్రాంతిలేని శ్రమచే మృతినొందెను. తరువాత ఆరు వారములకు గ్రద్ద గూలెను. రష్యాకు బోవు నోడలకు తోడుగా నుండి, ఆగస్టు 21న, వెనుక లాగుచున్న ధ్వనియంత్రములు చిక్కుపడగా వాని విడదీయుటకై వేగము తగ్గించినపుడు టార్పీడో తగిలెను. 217 మంది పోయిరి, తొమ్మండుగురు మిగిలిరి.

ఈ తరగతి నావలనే మన దేశమునకును అక్కడ కట్టిరి. వానికి పక్షుల పేర్లు గాక నదుల పేర్లు పెట్టిరి: కృష్ణ, గోదావరి, కావేరి, నర్మద. 1947లో దేశము విభజింపబడినపుడు నావలను గూడ పంచుకొనిరి. కృష్ణ మనకు మిగిలి 1981 వరకు పనిచేసెను. గోదావరి పాకిస్తానుకు బోయి ‘సింధ్’ అను పేరు పొందెను. ఆ పేరుగల మరియొక యుద్ధనావ మన దళములో చేరుటకు 1983 వరకు పట్టెను.