మాటను నమ్మి వచ్చినవారు

డబ్బు లేని దర్శకునికి మిగిలే పెట్టుబడి మనుషులే. ఆ పెట్టుబడిని ఎలా కాపాడుకోవాలో స్పైక్ లీ సినిమారంగంలోనూ, బాస్కెట్‌బాల్ ఆటస్థలం పక్కనా నేర్చుకున్నాడు.

1984 వేసవి. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఇరవై ఏడేళ్ల నల్లజాతి యువకుడొకడు తన తొలి కథాచిత్రానికి సన్నాహాలు చేస్తున్నాడు. పేరు స్పైక్ లీ. చిత్రం పేరు 'మెసెంజర్'. సైకిలు మీద నగరమంతా తిరిగి ఉత్తరాలూ పొట్లాలూ అందించే కుర్రవాడి కథ అది. నటులు కుదిరారు, సాంకేతిక సిబ్బందీ కుదిరారు. డబ్బు మాత్రం రేపు మాపు అంటూ వాయిదా పడుతూ వచ్చింది. తక్కువ పారితోషికానికి నటించేందుకు తన సభ్యులకు మినహాయింపు ఇవ్వటానికి నటుల సంఘం నిరాకరించింది. చిత్రం మొదలు కాకుండానే ఆగిపోయింది.

స్పైక్ లీని కుంగదీసినది డబ్బు నష్టం ఒక్కటే కాదు. తన మాట నమ్మి, చేతికందిన వేరే పనులు వదులుకొని కూర్చున్నవారికి ఇక ఇళ్లకు వెళ్లండని చెప్పవలసి వచ్చింది. పెద్ద స్టూడియోలలో సిబ్బందిని జీతం నిలబెడుతుంది. చిన్న చిత్రానికి పనిచేసేవారిని నిలబెట్టేది దర్శకుని మాట ఒక్కటే. ఆ మాట ఒకసారి తప్పిన వాని వెంట మళ్లీ ఎవరు వస్తారు?

వారు మళ్లీ వచ్చారు. ఈసారి అతడు తన శక్తికి తగిన కథ రాసుకున్నాడు. ఒక యువతి, ఆమెను ప్రేమించే ముగ్గురు పురుషులు, కొద్దిపాటి స్థలాలు. అదే 'షీజ్ గాటా హావ్ ఇట్'. 1985 జూలైలో పన్నెండు రోజులలో చిత్రీకరణ ముగించాడు. న్యూయార్క్ రాష్ట్ర కళామండలి ఇచ్చిన 18,000 డాలర్లు మొదటి ఆధారాలలో ఒకటి.

ఛాయాగ్రాహకుడు ఎర్నెస్ట్ డికర్సన్ న్యూయార్క్ విశ్వవిద్యాలయపు చలనచిత్ర శాఖలో సహాధ్యాయి. నిర్మాణ వ్యవహారాలు చూసిన మాంటీ రాస్ అట్లాంటాలోని కళాశాల నాటి మిత్రుడు. తండ్రి బిల్ లీ సంగీతం కూర్చాడు. చెల్లెలు జోయీ నటించింది. తమ్ముడు డేవిడ్ నిశ్చల చిత్రాలు తీశాడు. చదువుకు డబ్బిచ్చిన అమ్మమ్మ ఈ చిత్రానికీ ఇచ్చింది. రచన, దర్శకత్వం, కూర్పు స్పైక్ తానే చేసుకొని, ముగ్గురు ప్రేమికులలో ఒకడైన మార్స్ బ్లాక్‌మన్ వేషం కూడా తానే వేశాడు. సెట్టు మీద ఖాళీ అయిన పానీయాల డబ్బాలను సైతం పారవేయలేదు. తిరిగి ఇస్తే ఒక్కొక్కదానికి ఐదు సెంట్లు వచ్చేవి!

మొత్తం ఖర్చు 1,75,000 డాలర్లు. 1986లో కాన్ చిత్రోత్సవంలో యువజన బహుమతి లభించింది. అమెరికాలో వసూళ్లు 70 లక్షల డాలర్లు దాటాయి.

పరుపు మీద కూడా విప్పని బూట్లు

ఆ చిత్రంలో మార్స్ పాత్ర పక్కమీద పడుకున్నప్పుడు కూడా తన ఎయిర్ జోర్డాన్ బూట్లు విప్పడు. ప్రేక్షకులు నవ్వారు. ఆ హాస్యం వెనుక ఉన్నది మాత్రం దర్శకుని సొంత వ్యసనమే.

1970 మే 8వ తేదీన న్యూయార్క్ నిక్స్ జట్టు లాస్ ఏంజెలిస్ లేకర్స్‌తో ఛాంపియన్‌షిప్ తేల్చే ఆఖరి ఆట ఆడింది. అదే రాత్రి బిల్ లీ సంగీత కచేరీ ఉన్నది. పదమూడేళ్ల కొడుకు తండ్రి కచేరీని విడిచి ఆటకే వెళ్లాడు. తొడ కండరం దెబ్బతిని, ఆడగలడో లేడో తెలియని నాయకుడు విల్లిస్ రీడ్ కుంటుకుంటూ ఆటస్థలం మీదికి వచ్చి, జట్టు మొదటి రెండు బాస్కెట్లు తానే వేశాడు. ఆపైన వాల్ట్ ఫ్రేజియర్ 36 పాయింట్లు సాధించాడు. నిక్స్ 113–99తో గెలిచింది. ఆట గెలిపించినది ఫ్రేజియర్; గెలవగలమన్న ధైర్యం ఇచ్చినది రీడ్. జట్టు అంటే ఏమిటో ఆ బాలునికి ఆ రాత్రి కంటె బాగా ఏ పాఠశాలా చెప్పి ఉండదు.

మార్స్ బూట్లు అతనికి మరో తలుపు తెరిచాయి. 1988 నుండి నైకీ వాణిజ్య ప్రకటనలలో మార్స్ వేషంతోనే స్పైక్ మైఖేల్ జోర్డాన్ పక్కన నటించాడు; వాటికి దర్శకత్వమూ వహించాడు. ఆటస్థలం అంచునే కూర్చొని నిక్స్ ప్రత్యర్థులతో మాటకు మాట అనటం కూడా అలవాటైంది. అది ఒక్కొక్కసారి బెడిసికొట్టింది. 1994 జూన్ 1న ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్ స్పైక్‌తో వాదులాడుతూనే ఆఖరి పావుభాగంలో 25 పాయింట్లు కొట్టి నిక్స్‌ను ఓడించాడు. అభిమాని నోరే జట్టు కొంప ముంచిందని ఊరంతా దెప్పింది. తర్వాతి రెండు ఆటలూ నిక్స్ గెలిచి ఫైనల్ చేరటంతో అతడు ఊపిరి పీల్చుకున్నాడు.

మూసిన తలుపులు

విజయం వచ్చాక సిబ్బందిని ఎన్నుకోవటం సులభం కావాలి. అతనికి అది మరింత జటిలమైంది. హాలీవుడ్ యూనియన్లలో ఆనాడు నల్లజాతి సాంకేతిక నిపుణులు బహు కొద్దిమంది. అనుభవం లేనిదే సభ్యత్వం రాదు. సభ్యత్వం లేనిదే పని దొరకదు. పని లేకుండా అనుభవం ఎక్కడి నుండి వస్తుంది? ఈ ముడిని విప్పటానికి స్పైక్ తన చిత్రాలనే సాధనంగా చేసుకున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో రంగస్థలానికి దుస్తులు రూపొందిస్తున్న రూత్ కార్టర్‌కు 'స్కూల్ డేజ్' (1988) మొదటి సినిమా అయింది. బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ వీధిలో తీసిన 'డూ ది రైట్ థింగ్' (1989)లో డికర్సన్, కార్టర్, కళా దర్శకుడు విన్ థామస్ కలిసి ఒకే వేసవి రోజు మండుటెండను తెరమీదికి తెచ్చారు.

అన్నిటికంటె పెద్ద పరీక్ష 'మాల్కం ఎక్స్' (1992). కథానాయకుని హజ్ యాత్రను మక్కాలోనే తీయాలి. అనుమతి లభించింది కాని ముస్లిమేతరులకు అక్కడ ప్రవేశం లేదు. స్పైక్ ముస్లింలతో ఒక ప్రత్యేక యూనిట్‌ను కుదిర్చి పంపాడు. తాను కాలు పెట్టలేని చోట తన చిత్రాన్ని వారి చేతుల్లో పెట్టాడు.

ఇంతలో ఖర్చు అంచనాలు మించింది. పూర్తికి హామీ ఇచ్చిన సంస్థ చిత్రాన్ని తన అధీనంలోకి తీసుకొని, కూర్పు విభాగం వారిని పని మానిపించింది. 1984 నాటి దృశ్యమే మళ్లీ ఎదురైంది. స్పైక్ అప్పటికే తన పారితోషికంలో చాలా భాగం చిత్రంలో పెట్టి ఉన్నాడు. ఇప్పుడు తన జాతిలో స్థితిమంతులైన వారికి ఒక్కొక్కరికే ఫోను చేశాడు. ఓప్రా విన్‌ఫ్రీ, బిల్ కాస్బీ, ప్రిన్స్, జానెట్ జాక్సన్, ట్రేసీ చాప్‌మన్ మొదలైనవారు ఇచ్చారు. బాస్కెట్‌బాల్ వీరుడు మేజిక్ జాన్సన్ ఇచ్చాడు. ఆ సంగతి జోర్డాన్ చెవిని వేయటంలో స్పైక్ ఆటగాళ్ల పంతాన్ని బాగా ఎరిగినవానిలా ప్రవర్తించాడు: జోర్డాన్ అంతకంటె ఎక్కువే ఇచ్చాడట! అది అప్పు కాదు, వాటా కాదు, కానుక. మాల్కం ఎక్స్ జయంతి అయిన 1992 మే 19న హార్లెమ్‌లోని షాంబర్గ్ కేంద్రంలో స్పైక్ ఈ దాతల పేర్లు ప్రకటించాడు. కూర్పు పని నిలిచిపోలేదు. చిత్రం ఆ నవంబరులో విడుదలైంది.

ఆటా సినిమా సూటిగా కలిసినది 'హి గాట్ గేమ్' (1998)లో. నటునికి ఆట నేర్పటం కంటె ఆటగానికి నటన నేర్పటమే మేలని తలచి, మిల్వాకీ జట్టు క్రీడాకారుడు రే ఆలెన్‌ను నాయకునిగా తీసుకున్నాడు. చివర తండ్రీ కొడుకులు పందెం కట్టి ఆడే ఘట్టంలో కొడుకు ఏకపక్షంగా గెలవాలని స్క్రిప్టులో ఉన్నది. తండ్రి పాత్రధారి డెంజిల్ వాషింగ్టన్ మాత్రం నిజంగానే ఆడి బాస్కెట్లు వేశాడు. స్పైక్ కెమెరా ఆపలేదు.

2019 ఫిబ్రవరి 24న ఆస్కార్ సభ జరిగింది. ఆ రాత్రి రూత్ కార్టర్ 'బ్లాక్ పాంథర్' చిత్రానికి దుస్తుల రూపకల్పన బహుమతి అందుకున్నది. ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి కళాకారిణి ఆమే. కొంతసేపటికి, 'స్కూల్ డేజ్' నాటి నుండి స్పైక్ చిత్రాలలో నటించిన శామ్యూల్ జాక్సన్ రచనా బహుమతులు ప్రకటించటానికి వేదిక ఎక్కాడు. ముందుగా సభలో కూర్చున్న స్పైక్‌కు ఒక వార్త చెప్పాడు: సొంతగడ్డ మీద వరుసగా 18 ఆటలు ఓడిన నిక్స్ ఆ రోజు గెలిచింది! ఆ తరువాత కవరు విప్పి, 'బ్లాక్‌క్లాన్స్‌మన్' రచయితలలో ఒకడుగా స్పైక్ లీ పేరు చదివాడు. అరవై ఒక్క ఏళ్ల దర్శకుడు పరుగున వేదిక ఎక్కి, చిన్న పిల్లవానివలె తన నటుని చేతుల్లోకి ఎగిరి దూకాడు.