వేడి టీ, పేపర్ కప్పు, 25,000 రేణువులు

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ ఎవరిదైనా, లొకేషన్‌లో ఆగకుండా తిరిగేది టీ ఒక్కటే. ప్రొడక్షన్ కుర్రాడు ఒక చేత్తో ఫ్లాస్కు, మరో చేత్తో పేపర్ కప్పుల దొంతర పట్టుకుని వస్తాడు. కృష్ణానగర్ నుంచి తెల్లారకుండానే బండెక్కి వచ్చిన జూనియర్ ఆర్టిస్టుకూ, లైట్‌మన్‌కూ ఆ కప్పే. రాత్రి షూటింగ్ ఉంటే జూబ్లీహిల్స్ హోటళ్ల నుంచి బిర్యానీ ప్లాస్టిక్ డబ్బాల్లో, సాలన్ పల్చటి కవర్లలో దిగుతుంది. మిగిలిన బిర్యానీ ఇంటికి చేరి, అదే డబ్బాతో మైక్రోవేవ్‌లోకి వెళ్తుంది.

వేడి పదార్థం ప్లాస్టిక్‌ను తాకితే ఏమవుతుందో పరిశోధకులు లెక్కలు కట్టారు. వాటిలో గుండె గుభేలుమనిపించేవి ఉన్నాయి, కాస్త నిమ్మళించమనేవీ ఉన్నాయి. ఏ అంకె దేన్ని కొలిచిందో తెలిస్తే ఎక్కడ జాగ్రత్త పడాలో తేలుతుంది.

కప్పు లోపలి పొర

పేపర్ కప్పు పేరుకే పేపర్. టీకి కాగితం నానిపోకుండా లోపల పల్చటి ప్లాస్టిక్ పూత వేస్తారు. ఎక్కువగా వాడేది పాలిథీన్. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడి నీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి 15 నిమిషాలు ఉంచారు. నీళ్లలోకి దాదాపు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు దిగాయని 2020లో ప్రకటించారు. రోజుకు మూడు కప్పులు తాగేవారికి అది 75,000. ఒక కాల్‌షీట్‌లో ఐదు టీలు పడ్డాయనుకుంటే 1,25,000.

ఆ 15 నిమిషాలను గమనించాలి. వేడివేడిగా ఐదు నిమిషాల్లో తాగేసే వారికంటే, ‘షాట్ రెడీ’ అన్న కేక వినగానే కప్పు పక్కన పెట్టి వెళ్లి, తిరిగొచ్చి తాగేవారికే ఈ ప్రయోగం బాగా వర్తిస్తుంది.

2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు నిషేధం. పూత వేసిన పేపర్ కప్పు ఆ జాబితాలోకి రాలేదు. తమిళనాడు మాత్రం 2019లోనే దాన్నీ నిషేధించింది.

అంకె పెద్దదైతే ముప్పూ పెద్దదేనా?

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం 2019లో ప్లాస్టిక్ టీబ్యాగులను 95 డిగ్రీల నీళ్లలో ముంచి చూసింది. ఒక్క కప్పులో 1,160 కోట్ల మైక్రో రేణువులు, 310 కోట్ల నానో రేణువులు తేలాయంది. ఖరగ్‌పూర్ అంకెతో పోలిస్తే మైక్రో రేణువులే 4.6 లక్షల రెట్లు. వస్తువు వేరు, ప్లాస్టిక్ వేరు. అంతకన్నా ముఖ్యంగా, ఎంత చిన్న రేణువు దాకా లెక్కించారన్నది వేరు. పరికరం చూపు సన్నబడే కొద్దీ అంకె లావెక్కుతుంది. మెక్‌గిల్ లెక్కింపు పద్ధతిపై తర్వాత అభ్యంతరాలూ వచ్చాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 25,000 రేణువులూ ఒక్కోటి 10 మైక్రాన్ల భుజమున్న ఘనమైతే మొత్తం బరువు దాదాపు 23 మైక్రోగ్రాములు. అవే 50 మైక్రాన్లవైతే 2.9 మిల్లీగ్రాములు. రేణువుల సంఖ్య మారలేదు, బరువు మాత్రం 125 రెట్లు పెరిగింది. అందుకే ‘ఇన్ని వేలు, ఇన్ని కోట్లు’ అన్న శీర్షిక ఒక్కటే చదివి ముప్పును అంచనా కట్టలేం.

వేడి, సమయం, నూనె

లెక్కించే పద్ధతులు ఎన్ని ఉన్నా, వేడి పెరిగితే రేణువులు పెరుగుతాయన్నది మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఐర్లాండ్‌లోని ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ 2020లో పాలీప్రొపిలీన్ పాలసీసాలను పరీక్షించింది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు లీటరుకు 6 లక్షల రేణువులు దిగితే, 95 డిగ్రీల దగ్గర 5.5 కోట్లు దిగాయి. అంటే 90 రెట్లకు పైనే.

మైక్రోవేవ్ సంగతి అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2023లో చూసింది. మూడు నిమిషాలు వేడి చేస్తే, పిల్లల ఆహారం నిల్వ చేసే కొన్ని డబ్బాల నుంచి చదరపు సెంటీమీటరుకు గరిష్ఠంగా 42.2 లక్షల మైక్రో, 211 కోట్ల నానో రేణువులు విడుదలయ్యాయి. ‘గరిష్ఠంగా’ అన్న మాటను మరవకూడదు. ప్రతి డబ్బాకూ ఇదే అంకె వర్తించదు.

రేణువులే కాదు, రసాయనాలూ దిగుతాయి. గట్టి పారదర్శక పాలీకార్బొనేట్ సీసాల్లో మరిగే నీళ్లు పోస్తే, బిస్‌ఫెనాల్ ఏ అనే బీపీఏ 15 నుంచి 55 రెట్లు వేగంగా దిగుతుందని సిన్సినాటి విశ్వవిద్యాలయం 2008లో చూపింది. ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాల్లో చాలావాటికి నీళ్లకన్నా నూనెలో కరిగే గుణం ఎక్కువ. పైన నూనె తేలే సాలన్, నెయ్యి పట్టిన బిర్యానీ చప్పటి నీళ్ల లాంటివి కావు. మైక్రోవేవ్‌లో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగుతాయి, నూనె చేరిన చోట వేడి అంతకు మించుతుంది. కవర్లకు వాడే పల్చటి పాలిథీన్ 110 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది. డబ్బాలకు వాడే పాలీప్రొపిలీన్ 160 దరిదాపుల్లో కరుగుతుంది. మంచినీళ్ల బాటిల్ ప్లాస్టిక్ 70 దాటగానే మెత్తబడుతుంది.

ఒంటికి ఏమవుతుంది?

ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూడికను శస్త్రచికిత్సతో తీయించుకున్న 257 మందిని సగటున 33.7 నెలలు గమనించి, 2024లో ఫలితాలు ప్రచురించారు. 150 మంది పూడికలో పాలిథీన్ దొరికింది. ప్లాస్టిక్ రేణువులున్న వారిలో గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు మిగతావారికన్నా 4.53 రెట్లు కనిపించింది. రెండూ కలిసి ఉన్నాయని మాత్రమే ఇది చెబుతుంది. ప్లాస్టికే కారణమని గానీ, అది టీ కప్పు నుంచే వచ్చిందని గానీ చెప్పదు.

బీపీఏ విషయంలో నియంత్రణ సంస్థలకే ఏకాభిప్రాయం కుదరలేదు. 60 కిలోల మనిషి జీవితాంతం రోజూ తీసుకున్నా ఫరవాలేని మోతాదు పాత ఐరోపా లెక్కలో 240 మైక్రోగ్రాములు. 2023లో ఐరోపా ఆహార భద్రత సంస్థ దాన్ని 20,000 రెట్లు తగ్గించి 12 నానోగ్రాములు చేసింది. జర్మనీ సంస్థ అదే ఏడాది 12 మైక్రోగ్రాములు చాలంది, అంటే దానికి వెయ్యి రెట్లు. జాగ్రత్త వైపే మొగ్గిన ఐరోపా సమాఖ్య, ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏపై 2024 చివర్లో నిషేధం తెచ్చింది.

మన దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థమంతా కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు మించకూడదు. పావుకిలో సాంబారుకు అది 15 మిల్లీగ్రాములు. ఇది మొత్తం బరువుకు పెట్టిన హద్దు, రేణువులను లెక్కించదు. ఆహారంలో మైక్రోప్లాస్టిక్‌ల కొలతపై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది.

చేయగలిగినవి

- బిర్యానీ అయినా కూర అయినా గాజు లేదా పింగాణీ గిన్నెలోకి మార్చాకే మైక్రోవేవ్‌లో పెట్టాలి. డబ్బా మీద ‘మైక్రోవేవ్ సేఫ్’ అని ఉంటే అది కరగదు, వంగదు అని అర్థం. రేణువులు అసలే దిగవని కాదు.
- పార్సిల్ కవర్లో వచ్చిన సాంబారు, సాలన్ ఇంటికి చేరగానే స్టీలు గిన్నెలో పోయాలి. టీని కవర్లో కట్టించుకోకుండా ఫ్లాస్కు తీసుకెళ్లాలి.
- తాగేసిన మంచినీళ్ల బాటిల్లో వేడి నీళ్లు పోయకూడదు.
- పిల్లల పాలపొడిని గాజు లేదా స్టీలు గిన్నెలో వేడినీళ్లతో కలిపి, చల్లారాక సీసాలో పోయాలి.

ఇంట్లో ఇవన్నీ మన చేతిలో పనులే. లొకేషన్‌లో లైట్‌మన్‌కు కప్పు ఎంచుకునే వీలు లేదు. వంద మంది యూనిట్, మనిషికి ఐదు టీలు, 30 రోజుల షెడ్యూల్ అనుకుంటే 15,000 పేపర్ కప్పులు కావాలి. అదే పనికి నూటయాభై స్టీలు గ్లాసులు, వాటిని కడిగే ఇద్దరు మనుషులు సరిపోతారు. ప్రొడక్షన్ మేనేజర్ సామాన్ల జాబితాలో ఈ ఒక్క పంక్తి మార్చితే, రేణువుల మీద శాస్త్రం తుది మాట చెప్పేదాకా యూనిట్‌లో ఎవరూ ఎదురుచూడక్కర్లేదు.