మీకు తెలుసా? ‘చుట్టమల్లే’ పాడిన ఇంగ్లండ్ గాయకుడు

ఇంగ్లండ్ పాప్ గాయకుడు ఎడ్ షీరన్ తన ప్రపంచ యాత్రలో తెలుగు పాట పాడారు. అదీ హైదరాబాద్‌లో కాదు, బెంగళూరులో!

● 2025 ఫిబ్రవరిలో గాయని శిల్పారావుతో కలిసి ఆయన అందుకున్న పాట ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’. రచన రామజోగయ్యశాస్త్రి, సంగీతం అనిరుధ్.

● ఆ యాత్రలో భారతదేశంలో ఆరు నగరాలున్నాయి. ఫిబ్రవరి 2న మన హైదరాబాద్ వంతు వచ్చింది. వేదిక విజయవాడ హైవే మీది రామోజీ ఫిల్మ్ సిటీ. తార్నాక, ఉస్మానియా క్యాంపస్ కుర్రకారుకు అది సొంత ఊళ్లో కచేరీయే.

● క్యాంపస్‌లో లెక్కలు చదివేవారికి ఇంకో ముచ్చట: యాత్ర పేరులో అక్షరాలు లేవు, అన్నీ గణిత చిహ్నాలే. ఆయన ఆల్బమ్‌లలో ఐదింటి పేర్లూ అంతే: కూడిక (2011), గుణకారం (2014), భాగహారం (2017), సమానం (2021), తీసివేత (2023). 2022లో డబ్లిన్‌లో యాత్ర మొదలైనప్పుడు కొత్త ఆల్బమ్ ‘సమానం’.

పరభాషా గాయకుడు మన మాటలు నేర్చుకుని వేల మంది ముందు పాడారు. ఈసారి క్యాంపస్ వేడుకలో మైకు మీ చేతికొస్తే, మొదటి పాట తెలుగులో అందుకోండి.