గోరంత జీవి, కొండంత చిక్కు

ఈశాన్య ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ తీరంలో వేసవి వస్తే వైద్యులకు ఒక వింత జబ్బు ఎదురయ్యేది. హాయిగా ఈతకొట్టి ఒడ్డుకు చేరినవారిలో కొందరు అరగంటకల్లా మెలికలు తిరిగిపోయేవారు. నడుము విరిగిపోతున్నంత నొప్పి, వాంతులు, ముచ్చెమటలు, ప్రాణం పోతోందన్న భయం. ఒంటిమీద చెప్పుకోదగ్గ గాయం ఉండదు. నీళ్లలో వెతికితే ఏమీ కనబడదు. 1952లో స్థానిక వైద్యుడు హ్యూగో ఫ్లెకర్ అక్కడి ఆదివాసీ తెగ పేరిట దీన్ని 'ఇరుకాంజీ సిండ్రోమ్' అన్నారు. జబ్బుకు పేరొచ్చింది గానీ కారణం తేలలేదు.

తేల్చింది జాక్ బార్న్స్ అనే మరో వైద్యుడు. లోతు తక్కువ నీటిలో అడుగున పడుకుని గంటల తరబడి కాపు కాసిన ఆయనకు 1961 డిసెంబర్‌లో ఒక పారదర్శక జెల్లీచేప చిక్కింది. చిటికెన వేలి గోరంత గొడుగు, దాని నాలుగు మూలల నుంచీ వేలాడే నాలుగు సన్నని దారాలు. దోషి అదేనని రుజువు చేయడానికి తనను, తొమ్మిదేళ్ల కొడుకును, ఒక యువ లైఫ్‌గార్డును దానితో కుట్టించారు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. నేటి నిబంధనల ప్రకారం ఊహకైనా అందని ప్రయోగమది. 1967లో ఆ జీవికి శాస్త్రీయంగా 'కరూకియా బార్నెసై' అని నామకరణం జరిగింది.

కథ అంతటితో ముగియలేదు. 2002లో క్వీన్స్‌లాండ్ తీరంలో ఇద్దరు విదేశీ పర్యాటకుల మృతికి ఇలాంటి కాటే కారణమని భావించారు. 2007లో లీసా-ఆన్ గెర్ష్‌విన్ మరో చిన్న జెల్లీచేపను కొత్త జాతిగా వర్ణించి, మృతుల్లో ఒకరైన అమెరికన్ ఇంటిపేరు మీద 'మాలో కింగై' అని పిలిచారు. ఒక్క జీవి పని అనుకున్నది ఒక కూటమి పని అని తేలుతూ వచ్చింది.

వీటిని గుర్తించడం తేలిక కాదు. ఈతగాళ్ల కోసం కట్టే రక్షణ వలలు పెద్ద బాక్స్ జెల్లీచేపలను ఆపుతాయి. ఇవి వల కన్నుల్లోంచి దూరిపోతాయి. సన్నని వలకు చిక్కినా గట్టిగా పట్టుకుంటే నలిగిపోతాయి. ఫార్మలిన్‌లో ఉంచితే ఆకారం నిలుస్తుంది, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ నిలుస్తుంది, ఆకారం ముడుచుకుపోతుంది. అందుకే రెండు నమూనాలు కావాలి. జీవి దొరక్కపోతే బాధితుడి చర్మం మీద మిగిలిన విషకణాల ఆకృతే మైక్రోస్కోప్ కింద సాక్ష్యం. దొరికిన చోటు, తేదీ, నీటి ఉష్ణోగ్రత రాసిపెట్టకపోతే నమూనాకు విలువ సగమే.

అలా రాసిపెట్టే అలవాటు తెలుగు తీరానికీ పాతదే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం విశాఖ తీరంలో హైడ్రోమెడ్యూసాలనే చిన్న జెల్లీచేపలు ఋతువును బట్టి ఎలా మారుతున్నాయో 1950ల్లోనే నమోదు చేశారు. ఇవాళ వలలో పడిన జీవి కొత్తగా వలస వచ్చిందా, ఎప్పటి నుంచో ఇక్కడే ఉందా అని తేల్చాలంటే పోల్చిచూడటానికి అలాంటి పాత చిట్టాలే దిక్కు.

చిట్టా లేనిచోట ఇలాంటి మరణం గుండెపోటుగానో, నీట మునకగానో రికార్డుకెక్కుతుంది. కారణం తెలియని తీరంలో హెచ్చరిక బోర్డు ఎవరూ పెట్టరు, కాటు మీద పోయడానికి వెనిగర్ సీసా ఎవరూ ఉంచరు. ఆ రెండూ ఒడ్డుకు చేరాలంటే ముందు గోరంత జీవి పేరు కాగితం మీదికి రావాలి.