రేవు నుండి ఓడకు విద్యుచ్ఛక్తి

రేవులో కట్టివేసి ఉన్న ఓడను చూచినవారు అది విశ్రమిస్తున్నదని భావిస్తారు. నిజానికి ఆగినది ప్రధాన యంత్రం మాత్రమే. దీపాలకు, పంపులకు, శీతల గిడ్డంగులకు, వంటశాలకు విద్యుచ్ఛక్తి ఎడతెగక కావలసిందే. అందుకై ఓడలోని డీజిల్ జనరేటర్లు రేయింబవళ్ళు నడుస్తాయి. వాటి నుండి వెలువడే గంధక, నత్రజని ఆక్సైడులు, మసి రేణువులు రేవును ఆనుకొని నివసించే ప్రజల ఊపిరితిత్తులను చేరుతాయి.

ఈ జనరేటర్లను ఆపివేసి, ఒడ్డు నుండి కేబుళ్ళ ద్వారా ఓడకు విద్యుత్తును అందించడమే దీనికి నివారణోపాయం. దీనిని 'కోల్డ్ ఐరనింగ్' అని వ్యవహరిస్తారు. బొగ్గుతో నడిచిన కాలంలో ఓడ రేవు చేరగానే కొలిమి ఆర్పగా ఇనుప యంత్రాలు చల్లబడేవి; పేరుకు మూలం అదే.

ఈ పని చూపునకు సులభమే గాని, ఇందులో చిక్కులున్నవి. మన దేశపు విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జులు. పెద్ద ఓడలలో అధిక భాగానికి కావలసినది 60. కావున ఒడ్డున మార్పిడి యంత్రాలను నెలకొల్పవలెను. పెద్ద ఓడలకు 6,600 లేక 11,000 వోల్టుల సరఫరా అవసరం. దీపం ఆరకుండా ఉండుటకై ముందుగా ఒడ్డు విద్యుత్తును, జనరేటరు విద్యుత్తును ఒకే లయకు తెచ్చి, భారాన్ని క్రమంగా ఒడ్డుకు మార్చి, పిదప జనరేటరును ఆపుతారు. ఏ ఓడ అయినా ఏ రేవులోనైనా కలుపుకొనగలుగుటకు 2012లో అంతర్జాతీయ ప్రమాణం వెలువడినది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవు 2000లో సరకు ఓడలకు అధిక వోల్టేజి విద్యుత్తును అందించినది. 2001లో అలాస్కాలోని జూనో పట్టణం విహార నౌకలకు జలవిద్యుత్తును ఇచ్చినది. అయితే అన్నిచోట్లా ముందడుగు ఎవరిదన్న ప్రశ్న ఎదురైనది. సదుపాయమున్న ఓడలు రానిదే రేవు వ్యయం చేయదు. రేవులో సరఫరా లేనిదే ఓడ యజమాని పరికరాలు అమర్చడు. ఈ పీటముడిని విప్పినది చట్టమే. కాలిఫోర్నియా 2007లో నిబంధనను ఆమోదించి, రేవులో జనరేటర్ల వాడకాన్ని 2014 నుండి తగ్గించవలసినదిగా ఓడల యజమానులను ఆదేశించినది.

ఒక విషయం మరువరాదు. జూనోలో వలె జలశక్తి ఉన్నచోట పొగ నిజంగా తొలగుతుంది. బొగ్గు విద్యుత్తును వాడినచోట అది రేవు నుండి విద్యుత్కేంద్రానికి తరలుతుంది. అయినను విశాఖపట్నం వంటి, రేవును ఆనుకొని వెలసిన నగరాలలో పిల్లలు పీల్చే గాలికి ఆ మేరకైనా మేలు జరుగుతుంది. సంపూర్ణ ఫలం దక్కవలెనన్నచో కేబులు ఒడ్డుకు చేరడం చాలదు. ఆ కేబులు వెనుకనున్న విద్యుత్తు కూడా నిర్మలమైనది కావలెను.