ఇంజిన్ మార్చారా.. ఆర్‌సీ సంగతి చూశారా?
పాత పికప్‌ల యజమానులు తెలుసుకోవాల్సిన అంశాలు

షాద్‌నగర్: తెల్లవారకముందే టమాటా పెట్టెలతో బోయినపల్లి మార్కెట్‌కు, పూల మూటలతో గుడిమల్కాపూర్‌కు బయలుదేరే పికప్ వాహనాల్లో పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవీ కనిపిస్తుంటాయి. షాద్‌నగర్ 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ పాత బండ్లలో కొన్నింటికి నేటికీ 'ఏపీ 22' నంబరు పలకలే ఉన్నాయి. బాడీ గట్టిగానే ఉంటుంది. ఛాసిస్‌కు ఢోకా ఉండదు. ఇంజిన్ మాత్రం బోరుకు వస్తుంది. కొత్త బండి కొనాలంటే మళ్లీ ఫైనాన్సు, మళ్లీ నెలనెలా వాయిదాలు. ఇంజిన్ మార్చి మరికొన్నేళ్లు నడుపుకొందామని చిన్న యజమానులు ఆలోచించడం సహజమే. అయితే మెకానిక్ పని పూర్తయినంత మాత్రాన మార్పు పూర్తయినట్లు కాదు. కాగితాల పని వదిలేస్తే రోడ్డు మీద తిరిగే బండి ఏదో ఒకరోజు తనిఖీలోనో, బీమా క్లెయిము దగ్గరో ఆగిపోతుంది.

పొగ ఒక్కటే ఆధారం కాదు

పొగ ఎక్కువగా వస్తోందనగానే ఇంజిన్ దించేయాలన్న నిర్ణయానికి రావడం తొందరపాటే. నల్ల పొగకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్లు, పంపు సరిగా పనిచేయకపోవడం కారణం కావచ్చు. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్లు లెక్క. టర్బో ఉన్న బండ్లలో టర్బో సీలు పోయినా ఇదే పొగ వస్తుంది. టర్బో నుంచి వచ్చే గొట్టం విప్పి చూస్తే లోపల ఆయిల్ ఎంత మేర చేరిందీ తెలిసిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే, ఆయిల్ పాలు కలిసినట్లు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. ఇవన్నీ ఇంజిన్ మార్చకుండానే బాగుచేయదగిన లోపాలు.

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఉధృతంగా ఎగదన్నడం పిస్టన్ రింగులు, సిలిండర్లు అరిగిపోయాయనడానికి బలమైన సూచన. ఒక్కో సిలిండర్‌కు కంప్రెషన్ పరీక్ష చేయిస్తే ఇక సందేహం ఉండదు. అన్ని సిలిండర్లలోనూ ఒత్తిడి తగ్గిపోయిందా, ఒక్కదానిలోనేనా అన్నది చూడాలి. ఒక్కదానిలోనే అయితే వాల్వు లేదా గాస్కెట్ లోపమై ఉండవచ్చు. పరీక్షకు పూట పని పోతుందని వెనకాడేవారున్నారు. ఇంజిన్ దించాక లోపం వేరే చోట ఉందని తేలితే పోయేది పూట పని కాదు.

నంబరు ఉండేది బ్లాకు మీదే

బోరుకు వచ్చిన ఇంజిన్‌కు స్థూలంగా మూడు మార్గాలున్నాయి. ఒకటి, ఉన్న ఇంజిన్‌నే పూర్తిగా విప్పి బాగుచేయించడం. లైనర్లు ఉన్న రకమైతే వాటిని మారుస్తారు. లేనిదైతే సిలిండర్లను లేత్ వర్క్స్‌లో బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. క్రాంక్‌ను గ్రైండింగ్ చేయించి అందుకు తగిన బేరింగులు బిగిస్తారు. రెండోది హాఫ్ ఇంజిన్. అంటే బ్లాకు, క్రాంక్, పిస్టన్లు కలిపి వచ్చేది. దీనికి పాత హెడ్‌ను, పంపును అమర్చుకోవాలి. మూడోది మరో బండి నుంచి తీసిన పూర్తి ఇంజిన్‌ను తెచ్చి ఎక్కించడం.

ఖర్చు లెక్కల్లో మునిగి చాలామంది గమనించని తేడా ఇక్కడే ఉంది. ఇంజిన్ నంబరు ఉండేది బ్లాకు మీద. మొదటి పద్ధతిలో బ్లాకు మారదు కనుక నంబరూ మారదు. ఆర్‌సీతో పేచీ ఉండదు. మిగతా రెండింటిలో బ్లాకు మారుతుంది కాబట్టి నంబరు మారుతుంది. బ్లాకుకు పగులు లేకుండా, బోరు చేయడానికి మందం మిగిలి ఉంటే పాత ఇంజిన్‌నే బాగుచేయించడం మేలన్నది మా అభిప్రాయం. రోజులు ఎక్కువ పట్టినా లోపల ఏం వేశారో యజమానికి తెలుస్తుంది. పాత ఇంజిన్ కొంటే అదెంత తిరిగిందో అమ్మేవాడి మాటే ఆధారం.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. ఇంజిన్ మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లోగా ఆర్‌సీని నిర్ణీత రుసుముతో సమర్పించి కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలున్న వారికి అదే తయారీ, అదే రకం ఇంజిన్‌ను ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే వీలును రాష్ట్ర ప్రభుత్వం కల్పించవచ్చని ఇదే సెక్షన్ చెబుతోంది. ఒకటి రెండు బండ్లున్న వారికి అది వర్తించదు. బండి ఫైనాన్సులో ఉంటే ఆ సంస్థ రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవడం తప్పనిసరి.

చట్టానికి 2019లో చేసిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్ నిబంధనలకు విరుద్ధమైన ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని పేర్కొంటోంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాలను మార్చరాదని సుప్రీంకోర్టు సైతం 2019 జనవరిలో స్పష్టం చేసింది. కనుక వేరే కంపెనీ ఇంజిన్‌ను ఎలాగోలా ఇమిడ్చే ప్రయత్నం మానుకోవాలి. కొత్త బ్లాకు మీద పాత నంబరు కొట్టిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినవద్దు. అది చిన్న తప్పు కాదు, నేరం.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. నంబరు తేడా ఉంటే బయటపడే మొదటి చోటు అదే. రెండోది ప్రమాదం జరిగినప్పుడు. బీమా పాలసీలోనూ ఇంజిన్ నంబరు రాసి ఉంటుంది. బండి మీది నంబరు దానితో సరిపోలకపోతే క్లెయిముకు చిక్కులు ఎదురవుతాయి. ఆర్‌సీలో మార్పు జరగగానే పాలసీలోనూ మార్పించుకోవాలి.

ఎవరి బండిలోదో?

ఆటోనగర్‌లలో, పాత సామాను దుకాణాల్లో దొరికే ఇంజిన్లు సాధారణంగా ప్రమాదాల్లో దెబ్బతిన్న, తుక్కుగా మారిన బండ్ల నుంచి తీసినవి. వాటి మధ్య దొంగ బండిది ఒక్కటి ఉన్నా కొన్నవాడు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కాల్సిందే. బిల్లు మీద ఇంజిన్ నంబరు, అది ఏ బండి నుంచి తీశారో ఆ బండి రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు రాయించుకోవాలి. పాత ఆర్‌సీ నకలు అడగాలి. జాతీయ నేర గణాంకాల సంస్థకు చెందిన 'వాహన్ సమన్వయ్'లో ఇంజిన్ నంబరుతో వెతికితే చోరీ కేసు నమోదై ఉందేమో తెలుస్తుంది. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఆ తగ్గింపు మనకు అక్కర్లేదనుకోవడమే క్షేమం.

కామన్ రైల్ ఇంజిన్లున్న బండ్లలో మరో జాగ్రత్త అవసరం. ఇంజిన్‌తో పాటు సెన్సార్లు, వైరింగు, కంప్యూటర్ పెట్టె ఒకదానికొకటి పొసగాలి. ఇంజెక్టర్ల కోడ్‌లను యంత్రంతో నమోదు చేయాల్సి రావచ్చు. ఆ సదుపాయం ఉందో లేదో ఇంజిన్ దించక ముందే మెకానిక్‌ను అడగాలి.

ఎక్కించేటప్పుడు

పాత ఇంజిన్ ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్తది ఎక్కిస్తే అదీ అదే దారి పడుతుంది. ఈ ప్రాంతంలో తరచూ కనిపించే తప్పు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం. ఆ నీటిలోని లవణాలు రేడియేటర్‌లో పొరలుగా పేరుకుని ఇంజిన్ వేడెక్కుతుంది. రేడియేటర్‌ను శుభ్రం చేయించాలి, వీలైతే మార్చాలి. థర్మోస్టాట్, వాటర్ పంపు, రబ్బరు గొట్టాలు, ఇంజిన్ మౌంటింగులు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు చూసుకోవడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. గేరుబాక్సు, ఇంజిన్ విడిగా ఉంటాయి కాబట్టి కూలీ ఖర్చు కలిసివస్తుంది.

స్టార్ట్ చేసేముందు ఆయిల్ ఒత్తిడి వచ్చే వరకు ఇంజిన్‌ను డీజిల్ అందకుండా తిప్పాలి. బాగుచేసిన ఇంజిన్ అయితే తొలి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతో నడిపి, ఆ తరువాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. సీజన్ మధ్యలో ఇది కష్టమే. టమాటా ధర పెరిగిన వారం సగం పెట్టెలతో వెళ్లమంటే ఏ యజమానీ ఒప్పుకోడు. అందుకే పనిని సరకు తక్కువగా ఉండే రోజులకు పెట్టుకోవాలి.

దించిన పాత ఇంజిన్‌ను తూకానికి అమ్మేసేవారు ఒక రసీదు తీసుకోవడం మరవకూడదు. దాని మీద ఉన్నది తమ బండి నంబరే. కొన్నవారి పేరు, తేదీ, ఇంజిన్ నంబరు రాయించుకున్న ఆ రసీదును కొత్త ఇంజిన్ బిల్లుతో కలిపి ఆర్‌సీ పక్కన భద్రపరచుకోవాలి.