అడవి ఉల్లి

పిల్లలూ! మనవైపు ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాం కదా! చూడటానికి దానిలాగే ఉండి, నోట పెట్టరాని గడ్డ ఇంకొకటి ఉన్నది. వేసవి చివర, రాళ్ళనేలలో ఒక్క ఆకైనా లేకుండా సన్నని కాడ నిటారుగా లేచి, దానికి చిన్నచిన్న పూలు వేలాడుతూ కనిపిస్తే, అది అడవి ఉల్లి. నక్క ఉల్లి అని కూడా అంటారు. ఆకులు వానలు పడ్డాక గాని రావు.

నెలల తరబడి కదలక మెదలక మట్టిలో పడివుండే గడ్డను ఎలుకలూ పురుగులూ ఎందుకు తినెయ్యవు? దానికి ముల్లు లేదు, పెంకు లేదు. ఉన్నదల్లా విషమే. ఆ విషం ఎలా పనిచేస్తుందో వినండి. మన ఒంట్లో ప్రతి జీవకణమూ లోపల చేరిన సోడియాన్ని, ఏతంతో నీళ్ళు తోడినట్టు, ఎప్పుడూ బయటికి తోడుతూ ఉంటుంది. ఈ విషం ఆ ఏతాన్ని ఆపేస్తుంది. దానితో గుండె లయ తప్పుతుంది. పురుగుల ఒంట్లోనూ అలాంటి ఏతమే ఉన్నది.

మధ్యధరా సముద్ర తీరాన దీని జాతి గడ్డ ఒకటి పెరుగుతుంది. అక్కడివాళ్ళు దానిని ఎలుకల మందుగా వాడారు. కుక్క అయితే తిన్నది కక్కుకుంటుంది. ఎలుకకు కక్కటం చేతకాదు! ఆ గడ్డ సారం పిండిలో పట్టే ఎర్రని పెంకుపురుగులను చంపుతుందని 1999లో స్పెయిను శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

"అయితే చెనిక్కాయ చేలో గొంగళిపురుగు పడితే దీనిని దంచి చల్లవచ్చుగా?" అంటారేమో. నేనైతే వద్దంటాను. ఆ ఏతం మనకూ, మన ఆవుకూ కూడా ఉన్నది మరి! అంగట్లో కొన్నది విషమూ, అడవిలో దొరికింది అమృతమూ అనుకోవటం వట్టి భ్రమ. పైగా అన్ని పురుగులూ దీనికి లొంగవు. జిల్లేడులో ఉన్నదీ ఈ జాతి విషమే. అయినా నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళి ఒకటి జిల్లేడాకు హాయిగా మేసి, ఆ విషాన్ని ఒంట్లోనే దాచుకుంటుంది. ఆ పైన పిట్టలు దాని జోలికి పోవు.

వేపగింజ దారి వేరు. దానిలోని అజాడిరాక్టిన్‌ను 1968లో ఇంగ్లండులో వేరుచేశారు. అది పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బు కలిపి, మొత్తం 100 లీటర్లయ్యేలా నీళ్ళు పోస్తారు. ఎండకు దాని బలం తగ్గుతుంది గనక సాయంత్రం చల్లాలి.

అడవి ఉల్లి మీకు కనిపిస్తే పూలు చూడండి, బొమ్మ గీసుకోండి. గడ్డను మాత్రం తవ్వవద్దు. దాని రసం తగిలితే చేతులు దురదపెడతాయి. ఎర్రగడ్డ కోస్తే వచ్చే ఘాటు దీనికి ఉండదు. తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ గుర్తు చెప్పి ఉంచండి.